అమ్మ సరేనంది

గంగానమ్మ గుడి ముందు సోమేశ్వరరావు చెప్పులు విప్పడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు, విజయకుమారి నెత్తి మీది ఘటం దిగిపోవడానికి.

నిజానికి ఆ ఏటి ఘటం ఇంకా ఎక్కనే లేదు. సముద్రం మీద వేట నిషేధం అయిపోవడానికి ఇంకా కొన్నాళ్ళుంది. చినమొగపాలెం పడవలన్నీ పాయ ఒడ్డున కొత్త రంగులేసుకుని, పెళ్ళికి ముందే ముస్తాబైన పెళ్ళివారిలా ఏమీ తోచక కూర్చున్నాయి. అవి నీళ్ళలోకి దిగే రోజు పొద్దున గంగానమ్మ వేపచెట్టు దగ్గర ఇత్తడి ఘటంలో పసుపునీళ్ళు నింపి, నిండా వేపమండలు దోపి, ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని పాయదాకా నడుస్తుంది. ఆ మండతోనే ఒక్కో పడవ ముక్కు మీద నీళ్ళు చిలకరిస్తుంది. అది అయ్యేదాకా ఏ పడవా ఇంజను వెయ్యదు. ఆ ఘటం విజయకుమారి అత్తగారిది. ఆవిడ తర్వాత విజయకుమారిది.

ఈ ఏడు చెట్టు ముందు గుడి లేచింది. కట్టించినవాడు సోమేశ్వరరావు, గుడి కమిటీ ప్రెసిడెంటు. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు, పాయలో పెద్ద మరపడవ ఉన్నవాడు. విజయకుమారికి బావగారి వరస. గుళ్ళో నల్లగా నిగనిగలాడే గ్రానైటు అమ్మవారు కూర్చుంది. ఆవిడ ముందు జనాన్నంతా నిలబెట్టి సోమేశ్వరరావు చేతులు జోడించాడు.

“తల్లీ, కొత్త గుళ్ళో మొదటి ఏడు. ఘటాన్ని ముత్తైదువ చేత మోయించమంటావా?”

ముసలి పూజారి యలమంద వేపరెబ్బను చెంబులో ముంచాడు. కమిటీవారు కట్టబెట్టిన పట్టుపంచె జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రెబ్బను అమ్మవారి తల మీద పెట్టాడు. అమ్మకు కుడివైపు రాలితే సరేనన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. యలమంద ఇంకా చెయ్యి తీయనే లేదు, రెబ్బ కుడిభుజం మీదుగా జారి కింద పడింది.

“అమ్మ సరేనంది!” అన్నాడు సోమేశ్వరరావు.

“అప్పుడేనా? ప్రశ్న పూర్తిగా విందో లేదో కనుక్కోండి,” అంది చిట్టెమ్మ వెనకనుంచి. చిట్టెమ్మ, విజయకుమారి ఒకే బస్సులో బందరు వెళ్ళి, ఒకే బజారులో పక్కపక్కన బుట్టలు పెట్టుకుని చేపలమ్ముతారు.

“తమిళనాడు గ్రానైటు చిట్టెమ్మా. చెట్టులాగా నాన్చదు.”

ఆ మాట నిజమే. వెనకటికి చెట్టు మొదట్లో ఉన్న బొడిపెకు పసుపు రాసి, దాని మీద రెబ్బ పెట్టేవాళ్ళు. గరుకు బెరడు దాన్ని ఒక పట్టాన వదిలేది కాదు. జనం కింద కూర్చుని వలలు కుట్టుకునేవారు, పిల్లలకు జడలేసేవారు, అడగవలసిన తగువులో సగం తామే తీర్చేసుకునేవారు. రెబ్బ రాలేసరికి అడిగినవాడి కోపం కూడా ఆరిపోయి ఉండేది. పొద్దుగూకేదాకా రాలకపోతే ప్రశ్నలోనే ఏదో తేడా ఉందని ఇళ్ళకు పోయేవారు.

“విజయ అత్తగారు మొగుడు పోయాకే కదండీ అన్నేళ్ళు మోసింది? అప్పుడు అమ్మకి అభ్యంతరం లేదేం?” చిట్టెమ్మ వదల్లేదు.

“అప్పుడు చెట్టు. ఇప్పుడు గుడి. గుడన్నాక పద్ధతులుంటాయి. గుడివాడ సిద్ధాంతిగారు చెప్పిందే నేను అడిగాను, అమ్మ సరేనంది. ఇందులో నాదేముంది?” అని సోమేశ్వరరావు విజయకుమారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “నీ మీద గౌరవం లేక కాదు విజయమ్మా. తమ్ముడుంటే నీకంటే గొప్పగా ఎవరు మోస్తారు? వాడు పోయి ఏడాదైనా తిరగలేదు. ఊరి మంచి చూడాలి కదా.”

“చూడండి బావగారూ,” అంది విజయకుమారి.

“ఈసారి మా జ్యోతి మోస్తుంది.”

ఫోనెత్తి వీడియో తీస్తున్న అతని భార్య జ్యోతిర్మయి చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది. పడవలవాళ్ళు ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. పోయినేడు ఇదే విజయకుమారి ముందు తలలు వంచి, మా పడవ మీద ఇంకో రెండు చుక్కలు వదినా అని అడిగినవాళ్ళే.

“ఘటం నీ దగ్గరే ఉంది కదూ? తోమి పంపించు,” అన్నాడు సోమేశ్వరరావు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.

విజయకుమారి ఇంటికెళ్ళి ఘటాన్ని అటక మీంచి దించింది. చింతపండు నానేసింది. అంచు నుంచి మొదలుపెట్టి, మెడ దగ్గర వేలు పట్టని సందులో కూడా పీచు దూర్చి తోమింది. అడుగున సొట్ట ఉంది, అత్తగారి కాలంలో ఎవరో జారవిడిస్తే పడ్డది. ఆ సొట్ట తన నెత్తి మీద ఎక్కడ కూర్చుంటుందో ఆమెకు చూడకుండానే తెలుసు. తోమడం అయ్యాక ఘటంలో తన ముఖం కనిపించింది. మాడిపోయి ఉంది. మళ్ళీ తోమింది.

*

ఘటం మోయకూడదన్న శాస్త్రం, గుడి కడగడం గురించి మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం బందరు నుంచి దిగగానే విజయకుమారి, చిట్టెమ్మ బకెట్లతో గుళ్ళోకి వెళ్ళారు. మృగశిర కార్తె, బజారులో చెరువు చేపలకు కూడా జనం ఎగబడ్డారు. ఇద్దరి చేతులూ ఇంకా పొలుసు వాసనే.

“ఘటం పట్టడానికి పనికిరాని చెయ్యి బండ తోమడానికి భలే పనికొచ్చిందే,” అంది చిట్టెమ్మ.

“బండకి శాస్త్రం తెలీదులే. నీళ్ళు పొయ్యి.”

అమ్మవారి ఒళ్ళంతా జిడ్డు. అభిషేకాల నూనె మీద పసుపు, పసుపు మీద మళ్ళీ నూనె. విజయకుమారి తల మీది వాడిన పూలు తీసి, చెట్టు కొమ్మ నుంచి లేత రెబ్బ తుంచి తెచ్చింది. చిట్టెమ్మ అది లాక్కుంది.

“నన్ను అడగనీ. అమ్మా, మా ఆయన ఈ ఏడు తాగుడు మానేస్తాడా?”

రెబ్బ కుడివైపు జారింది.

“చూశావుటే! అమ్మ చెప్పింది!” చిట్టెమ్మ చెంపలేసుకుంది. కాస్సేపు ఆనందంగా బండ తోమింది. తర్వాత చెయ్యి ఆగింది. “ఎందుకో నమ్మకం కలగట్లేదు. ఇంకోలా అడుగుతా. అమ్మా, మా ఆయన ఈ ఏడు కూడా తాగుతాడా?”

కుడివైపే.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విజయకుమారి చెయ్యి తుడుచుకుని, రెబ్బ తీసి, నీళ్ళలో ముంచి అమ్మ తల మీద పెట్టింది. కుడివైపు.

“ఏమడిగావే?”

“ఏమీ అడగలేదు.”

“అడక్కుండానే సరేనంటోందేంటే తల్లీ!”

విజయకుమారి చెంబు నిండా నీళ్ళు తీసుకుని అమ్మవారి నడినెత్తి మీద నిదానంగా వంచింది. నీళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు కుడిభుజం మీదికే వచ్చి, పీఠం మీదుగా కుడిమూలకు పోయి తూములో పడ్డాయి. ఎడమభుజం పొడిగా ఉంది. ఆమె చతికిలబడి పీఠం అంచుకు కన్ను ఆనించి చూసింది. అభిషేకం నీళ్ళు నిలవకుండా మేస్త్రీ పీఠాన్నే వాలుగా కట్టేశాడు. పాపం మంచి పనివాడు, ఎక్కడా చుక్క నిలవలేదు.

చిట్టెమ్మ కొంగు బిగించింది. “పద. ఊరందర్నీ పిలుద్దాం. ఇప్పుడే తేల్చేద్దాం.”

“కూర్చోవే.”

“కూర్చోవడమేంటి?”

“చెబితే ఏమవుతుంది? మేస్త్రీ వచ్చి కింద ఓ పెంకు దోపుతాడు. సిద్ధాంతిగారు ఇంకో మాట చెబుతాడు. ఘటం మాత్రం జ్యోతక్క నెత్తినే ఉంటుంది. పైగా, అమ్మ మాటకి వంకలు పెట్టిందని నా మీద పడతారు.”

“అయితే నోరు మూసుకుంటావా?”

“నేనెందుకు మూసుకుంటాను? ఏమడిగినా సరేననే అమ్మ దొరికాక?”

చిట్టెమ్మకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక పీచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ పీచుకు నూనె ఉందని గుర్తొచ్చి ఉమ్మేసింది.

“ఒసే, తప్పు కదా? అసలు అమ్మ ఇందులో లేదంటావా?”

“వస్తుంది. కొత్తిల్లు కదా, సామాను ఇంకా చెట్టులోనే ఉంది,” అంది విజయకుమారి, బకెట్ ఎత్తుతూ.

*

సాయంత్రం జ్యోతిర్మయి వచ్చింది. గుమ్మంలో నిలబడి, వీధి అటూ ఇటూ చూసి లోపలికి దూరింది. మెడ ఒక పక్కకు వంగి ఉంది.

“ప్లాస్టిక్ బిందెతో వంటింట్లో నడిచి చూశాను విజయా. ఫ్రిజ్ దాకా వెళ్ళేసరికి బిందె ఫ్రిజ్ మీద ఉంది, నేను కింద ఉన్నాను. అమృతాంజనం రాసుకున్నా మెడ తిరగట్లేదు.”

“కూర్చో అక్కా.”

“నాకొద్దంటే ఆయన వినడు. ప్రెసిడెంటు పెళ్ళాం మోయకపోతే ఎవరు మోస్తారంటాడు. ఆ బురదలో, అంతమంది ముందు నేను పడితే? ఆ ఘటం ఒలికితే? ఈ ఏడు సముద్రం మీద ఏం జరిగినా నా పేరే చెబుతారు.” ఆమె మూలనున్న ఘటం వైపు చూసింది. “నీది నేను లాక్కున్నానని నీకు కోపంగా లేదూ?”

ఉంది. నిన్నటినుంచీ ఉంది. కానీ అది ఈ వంగిపోయిన మెడ మీద పెట్టేంత తేలికది కాదు. విజయకుమారి పాత చీర ముక్క తీసి మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, చుట్టకుదురు చేసింది. జ్యోతిర్మయి నెత్తిన పెట్టి దాని మీద ఘటం నిలబెట్టింది.

“నెత్తి మీద ఉన్నదాన్ని తల్చుకోకు. మడమ తర్వాత, ముందు బొటనవేలు దించు. బురద ఎక్కడ పట్టు ఇస్తుందో వేలు చెబుతుంది. చూపు ఎదర. మెడ కాదు మోసేది, నడుం.”

జ్యోతిర్మయి నాలుగడుగులు వేసి చేతులు రెండూ ఎత్తి ఘటాన్ని కౌగిలించుకుంది.

“చేతులు వదలాలి అక్కా.”

“వదిలితే పడుతుంది.”

“వదలకపోతేనే పడుతుంది.”

వదిలింది. పడబోయింది. విజయకుమారి పట్టుకుంది. ఘటం అడుగున సొట్ట ఆమె అరచేతిలో సరిగ్గా కుదురుకుంది. చప్పున కిందికి దించి పక్కన పెట్టేసి, “పడవలు కదిలే రోజు ఘటం ఎత్తేముందు నేను అమ్మని ఒక మాట అడుగుతాను. అడిగితే నువ్వేమీ అనుకోవుగా?” అంది.

జ్యోతిర్మయి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి ఆమెను చూసింది. “నువ్వు ఏమడిగినా నేను అమ్మ పక్షమే,” అంది.

*

అడగవలసిన మాట ముందు అడగవలసినచోట అడగాలి. గ్రానైటుతో సరేననిపించుకోవడానికి తనకు సిగ్గులేదు గానీ, అసలైన అమ్మ వద్దంటే అది మోసమే అవుతుంది. పడవలు దిగే రోజుకు ముందు రోజు తెల్లవారగానే విజయకుమారి గుడి వెనక్కి వెళ్ళింది. చెట్టు కింద పండి రాలిన వేపపళ్ళు కాలికి చిదిగి జిగురుగా అంటుకుంటున్నాయి. బొడిపె మీద పసుపు ఎండి పెచ్చులుగా ఉంది. గోటితో గీకి, కొత్తగా పసుపు రాసి, తడిపిన రెబ్బ పెట్టింది.

“అమ్మా, మోయమంటావా?”

ముత్తైదువ సంగతి ఎత్తలేదు. శాస్త్రం సంగతి ఎత్తలేదు. అంతే అడిగి చేతులు కట్టుకుని నిలబడింది.

రెబ్బ కదల్లేదు. ఒక గండుచీమ దాని మీదికెక్కి, ఆకు ఆకునా చూసి దిగిపోయింది. ఎండ గుడి కప్పు దాటి బెరడు మీద పడింది. బస్సు హారన్ వినిపించింది, వెళ్ళిపోయింది. ఈ పూట బుట్ట ఎత్తలేదు, పొయ్యి వెలిగించలేదు. వద్దంటే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకుంది. వద్దంటే జ్యోతక్క పక్కన నడిచి చెయ్యి అందించాలి. అంతే. అనుకున్నంతలో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎండ అనుకుని కొంగుతో ఒత్తుకుంది. కొంగు దించేసరికి రెబ్బ సగం లేచి ఉంది. తడి ఆరిన వైపు ఆకులు ముడుచుకున్నాయి. అలా కాసేపు ఒంటికాలి మీద నిలబడ్డట్టు నిలబడి, అమ్మకు కుడివైపు, విజయకుమారి పాదం పక్కన వచ్చి పడింది.

వెనక దగ్గు వినిపించింది. చీపురు పట్టుకుని యలమంద. ఇవాళ పట్టుపంచె లేదు, పాత గళ్ళ లుంగీ.

“చూశావా మావయ్యా?”

“చూశాను. నాలుగు పళ్ళు ఊడ్చి, నువ్వున్నావని ఆగాను. ఏం లాభం అమ్మాయ్? ఇది చెబితే కమిటీ ఒప్పుకోదు. చెట్టు మాట ఇప్పుడు చెల్లదు.”

“చెల్లేచోటే చెప్పిద్దాం. ఘటం ఎత్తేముందు ఊళ్ళో ఎవరైనా అడగొచ్చన్న మాట ఇంకా ఉందా, అదీ కొట్టేశారా?”

యలమంద చీపురు మీద గడ్డం ఆనించి ఆలోచించాడు.

“కేక ఏటా వేస్తాను గానీ, దాని అర్థం వాళ్ళకి గుర్తు లేదు. గుర్తుంటే కొట్టేసేవాళ్ళే.”

*

పడవలు దిగే రోజు పొద్దున్నే పోటు ఎక్కుతోంది. అది తీయడం మొదలుపెట్టకముందే పడవలు పాయ సముద్రంలో కలిసే మొగ దాటాలి, లేకపోతే ఇసుకమేట మీద కూర్చుంటాయి. డప్పులు మోగుతున్నాయి. జ్యోతిర్మయి పట్టుచీరలో, మెడకు బెల్టుతో నిలబడి ఉంది. సోమేశ్వరరావు తెల్లటి లాల్చీ, కొత్త తోలుచెప్పులు.

“ఎత్తండి, ఎత్తండి. పోటు తీస్తుంది.”

“ఘటం ఎత్తేముందు అమ్మని అడిగేవాళ్ళెవరైనా ఉన్నారా?” యలమంద గొంతు ముసలిదైనా డప్పుల్ని ఆపింది. ఆ కేక ఎన్నో ఏళ్ళుగా ఊరికి అలవాటే. అడిగేవాళ్ళుండరు, అయినా పడుతుంది.

“నేనడుగుతాను మావయ్యా,” అంది విజయకుమారి.

జనం పక్కకు జరిగారు. సోమేశ్వరరావు ముఖం బిగుసుకుంది. ఆమె గుడి మెట్టెక్కి చేతులు జోడించింది.

“అమ్మా, మా ప్రెసిడెంటు బావగారు ఇంత కష్టపడి గుడి కట్టారు. నీకు నచ్చిందా?”

యలమంద రెబ్బ పెట్టాడు. కుడివైపు.

బిగుసుకున్న ముఖం విచ్చుకుంది. “చూశారా! విజయమ్మ అర్థం చేసుకుంది. ఏదడిగినా అమ్మది ముక్కుసూటి మాట. ఈ శిల అబద్ధం చెప్పదు. రాసిపెట్టుకోండి!”

“విన్నారుగా అందరూ,” అంది చిట్టెమ్మ, అవసరమైనదానికంటే గట్టిగా. “అమ్మా, నాదొకటి. గుడి కట్టించిన పెద్దమనిషి చెప్పులు విడిచి, తలగుడ్డ చుట్టుకుని, డప్పుల ముందు పాయదాకా నడవాలా?”

కుడివైపు.

జనంలో కేరింతలు. సోమేశ్వరరావు నవ్వబోయి, ఎంత నవ్వాలో తెలియక ఆగి, చివరకు చెప్పులు విడిచాడు. ఎవరో తువ్వాలు అందించారు. అది తలకు చుట్టుకుంటూ ఉండగానే విజయకుమారి మూడో రెబ్బను తనే తడిపి యలమంద చేతికిచ్చింది.

“అమ్మా, నీ ఘటం నన్ను మోయమంటావా?”

డప్పులవాళ్ళు కూడా మెడలు చాపారు. రెబ్బ కుడిభుజం మీదుగా జారి, ముందు పడ్డ రెండింటి మీద పడింది.

ముందు వరసలోవాళ్ళు వంగి రెబ్బను చూశారు. తర్వాత పడవలవాళ్ళ వైపునుంచి ఎవరో “అమ్మ సరేనంది!” అన్నారు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకి పాయదాకా పోయింది.

“ఆగండి, ఆగండి. అదెలా? అప్పుడు ముత్తైదువ అని చెప్పిందే?” సోమేశ్వరరావు తలగుడ్డ సగంలో వేలాడుతోంది.

“అప్పుడు అలా అంది. ఇప్పుడు ఇలా అంది. మనసు మార్చుకునే హక్కు అమ్మకి లేదా బావగారూ?”

“అలా ఎలా మారుస్తుంది? ఉండు, నేనే అడుగుతా. పెట్టు యలమందా.”

యలమంద రెబ్బ ముంచడానికి వంగితే చేతిలో చెంబు ఒలికింది. పీఠం ఎడమవైపు పడ్డ నీళ్ళు ఒక్క క్షణం కూడా ఆగకుండా అమ్మ పాదాల ముందునుంచి కుడిమూలకు పరుగెత్తి తూములోకి దిగాయి. సోమేశ్వరరావు ఆ నీళ్ళను చూశాడు. పీఠాన్ని చూశాడు. ఒక పక్కనే కుప్పపడ్డ మూడు రెబ్బల్ని చూశాడు. చెరువు గట్లకు వాలు కట్టించి బతికినవాడికి వాలు కనపడకుండా ఉండదు. అతని నోరు తెరుచుకుంది.

విజయకుమారి ఎదురుచూసింది. బండ వంకర అని ఆయనే అనాలి. అంటే మొదట ఆయన అడిగిన మాట కూడా ఆ తూములోనే పోతుంది. గుడి పోతుంది, తమిళనాడు పోతుంది, ఇందాక అందర్నీ రాసిపెట్టుకోమన్న మాట పోతుంది.

“అడగండి ప్రెసిడెంటు గారూ. పోటు తీసేస్తోంది,” ఒడ్డునుంచి కేక.

అతను నోరు మూసుకున్నాడు. విజయకుమారిని చూశాడు. ఆమె ముఖంలో ఎక్కడా నవ్వు లేదు, భక్తే ఉంది. అదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

“అమ్మ చెప్పాక మళ్ళీ అడగడమెందుకు,” అన్నాడు నెమ్మదిగా.

జ్యోతిర్మయి మెడకున్న బెల్టు అక్కడికక్కడే టపీమని విప్పేసింది.

ఘటాన్ని నెత్తికెత్తడానికి ఒక మగచెయ్యి కావాలి. నిరుటిదాకా ఆమె భర్త ఎత్తేవాడు. విజయకుమారి చుట్టకుదురు పెట్టుకుని నిలబడింది. ఎవరూ కదల్లేదు. సోమేశ్వరరావే ముందుకొచ్చి, వంగి, ఘటం అడుగున రెండు చేతులూ వేశాడు. నిండు ఘటం బరువు అతను మరిచిపోయినట్టున్నాడు, లేపుతుంటే మూలిగాడు. లాల్చీ ముందంతా పసుపునీళ్ళు. సొట్ట వచ్చి దాని చోటులో అది కూర్చుంది.

“సరిగ్గా ఉందా విజయమ్మా?”

“ఉంది బావగారూ. ముందు మీరు నడవండి.”

అతను నడిచాడు. మొదట బురదలో గాజుపెంకుల మీద నడిచినట్టు నడిచాడు. పది బారలు పోయేసరికి వేళ్ళు వాటంతటవే విచ్చుకుని పట్టు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఈ పాయలోనే చిన్నప్పుడు ఎండ్రకాయలు పట్టిన కాళ్ళే అవి. డప్పుల జోరు పెరిగేకొద్దీ భుజాలు కూడా కదిలాయి. వెనక చిట్టెమ్మ జ్యోతిర్మయి చెవిలో ఏదో అంటే, ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పడీపడీ నవ్వింది.

విజయకుమారి చేతులు వదిలేసి నడిచింది. చూపు ఎదర. వేపాకు తడి, పసుపు చుక్కలు కణతల మీదుగా దిగి పెదవుల మీద చేదుగా తగిలాయి. ఒడ్డున పడవలవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కో ముక్కు దగ్గరా ఆగి, మండ తీసి, విసురుగా చిలకరించింది. మొన్న కాళ్ళు చూసుకున్నవాళ్ళు ఇవాళ తలలు వంచారు. తల వంచినవాళ్ళ మీద కాస్త ఎక్కువే చల్లింది, కళ్ళలో పడేలా.

ఆఖరిది సోమేశ్వరరావు మరపడవ. చిలకరించాక ఘటంలో ఇంకా నీళ్ళు మిగిలాయి. వాటిని పాయలో వంచేసింది. పచ్చటి నీళ్ళు ఉప్పునీళ్ళలో మేఘంలా విచ్చుకున్నాయి. మొదటి ఇంజను దగ్గింది. ఆ వెంటే రెండోది, ఆ తర్వాత ఏది ఎవరిదో తెలియలేదు. డీజిలు పొగలోంచి పడవలు ఒకదాని వెనక ఒకటి మొగ వైపు తిరిగాయి. ముక్కుల మీద వేపాకులు అంటుకునే ఉన్నాయి.

ఒడ్డున జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. పోతూ పోతూ ప్రతివాళ్ళూ ఒకసారి ఆగి, మోకాలి లోతు నీళ్ళలో తలంతా పసుపై నిలబడ్డ విజయకుమారిని చూసి పోతున్నారు.

“ఇంటికి పోదామా?” అంది చిట్టెమ్మ.

“ఉండవే,” అంది విజయకుమారి, తడిజుట్టు వెనక్కి తోసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని. “అందరూ చూసి వెళ్ళనీ.”